విజ్ఞాన విశేషములు: ఎలుకపిల్లల యాటలు, మన బిడ్డల మనసులు

ఎలుక యనగానే మనకు తోచునది గాదెలోని ధాన్యము, పెట్టెలోని పట్టుచీర, వంటయింటి మూలనున్న పప్పుడబ్బా. వినాయకుని వాహనమని చవితినాడు దానికిని ఒక పువ్వు వేయుదుము. మఱునాడే బోను తెచ్చి, అందు కాల్చిన కొబ్బరిముక్క గ్రుచ్చి పెట్టుదుము. మన పందికొక్కు పేరే కొంత మాఱి ఇంగ్లీషుభాషలో బాండికూట్ అను మాటయైనదని నిఘంటుకారులు వ్రాసియున్నారు. ఇట్టి యింటిదొంగ నేడు ప్రయోగశాలలలో పసిబిడ్డల మనస్సును గూర్చి మనకు పాఠము చెప్పుటకు ఉపయోగపడుచున్నదన్నచో ఆశ్చర్యము గలుగక మానదు. ఆటిజమను స్థితిని తెలిసికొనుటకై జన్యువులను మార్చి పెంచిన ఎలుకలను గూర్చి ఈ మాసము విన్నవించెదను. ఇది పండితులకు మాత్రమే పట్టిన సంగతి కాదు. ఇందు తల్లుల గౌరవమును, బిడ్డల భవిష్యత్తును ఇమిడియున్నవి.

ఆటిజమనగా నేమి?

కొందఱు బిడ్డలు పేరుపెట్టి పిలిచినను పలుకరు. చెవులు వినబడకపోవుటచేత కాదు. తినుబండారముల డబ్బామూత తీసిన చప్పుడునకు వేఱొక గదినుండి పరుగెత్తి వత్తురు. తల్లి ముఖము వంక చూడరు. బొమ్మబండి నిచ్చినచో దానిని త్రోలరు. వెల్లకిల పెట్టి చక్రమునే గంటలకొలది త్రిప్పుచుందురు. నిత్యము నడచు త్రోవ మాఱినను, కంచము మాఱినను ఓర్వలేరు. కొందఱికి మాటలు ఆలస్యముగా వచ్చును. కొందఱికి వచ్చిన మాటలే పోవును. మఱికొందఱు చక్కగా మాటలాడుదురు, చదువులో ముందుందురు. కాని ఎదుటివారి పరిహాసమును, ముఖభావమును గ్రహింపజాలరు. ఒకరివలె మఱియొకరుండరు. కావుననే వైద్యులు దీనిని ఒక్క వ్యాధిగా గాక, ఇంద్రధనుస్సులోని వర్ణములవలె ఒకదానిలో నొకటి కలిసిపోవు స్థితుల వరుసగా చెప్పుచున్నారు.

తల్లిపై పడిన నింద

1925లో మాస్కోలో గ్రూన్యా సుఖరేవా అను వైద్యురాలు ఇట్టి లక్షణములు గల బాలురను గూర్చి వ్రాసెను. ఆమె వ్రాత చాలకాలము మఱుగున పడియుండెను. 1943లో అమెరికాలోని బాల్టిమోరు నగరమున లియో కానర్ అను వైద్యుడు పదునొకండుగురు బిడ్డల చరిత్రలను ప్రకటించెను. నాటినుండి లోకమున ఆటిజమను పేరు ప్రసిద్ధికెక్కినది. ఆ బిడ్డల తల్లిదండ్రులలో ఆప్యాయత తక్కువగా కనబడినదని ఆయన వ్రాసినమాట తరువాత పెద్ద అనర్థమునకు మూలమయ్యెను. తల్లి హృదయము మంచుగడ్డవంటిదగుటచేతనే బిడ్డ లోకమునుండి ముఖము త్రిప్పుకొనెనను వాదము బయలుదేఱెను. 1967లో బ్రూనో బెటెల్‌హైమ్ అను నతడు దీనిని సమర్థించుచు ఒక గ్రంథమునే వ్రాసెను. ఒకవంక బిడ్డ దుఃఖము, మఱియొకవంక ఈ నింద. ఈ రెండింటి నడుమ నలిగిన తల్లులెందఱో యూహించుకొనుడు.

ఈ వాదమును మొదట గట్టిగా నెదిర్చినవారిలో బెర్నార్డ్ రిమ్‌లాండ్ ఒకడు. అతడు మనస్తత్వశాస్త్రజ్ఞుడు, ఆటిజము గల కుమారునికి తండ్రి. లోపము తల్లి ప్రేమలో లేదనియు, బిడ్డ మెదడు నిర్మాణములోనే కారణము వెదకవలెననియు 1964లోనే అతడు వ్రాసెను. 1977లో సూజన్ ఫోల్‌స్టైన్, మైకేల్ రట్టర్ అను వైద్యులు ఇంగ్లండులో 21 జతల కవలపిల్లలను పరీక్షించిరి. ఒకే అండమునుండి పుట్టిన కవలలు 11 జతలు. అందు 4 జతలలో ఇద్దఱికిని ఆటిజముండెను. వేఱువేఱు అండములనుండి పుట్టిన 10 జతలలో ఒక్కదానియందును ఇద్దఱికిని లేకుండెను. రెండు విధముల కవలలును ఒకే తల్లి ఒడిలో పెరిగినవారే గదా! తల్లి ప్రేమయే కారణమైనచో ఈ భేదమెందుకు వచ్చును? పుట్టుకతో వచ్చు జన్యువులకు ఇందు పెద్దభాగమున్నదని ఆ చిన్న పరీక్ష తెలియజేసెను. నేడు ఆటిజముతో సంబంధముగల జన్యువులు వందలకొలది తెలిసియున్నవి.

తప్పు వ్రాసిన ప్రతి

జన్యువనగా నేమి? మన పూర్వులు తాటాకు గ్రంథమును చూచి ప్రతి వ్రాసికొనునట్లు, ప్రతి జీవియు తన శరీరనిర్మాణమునకు వలయు విధానమును తల్లిదండ్రులనుండి ప్రతిగా పొందుచున్నది. ఆ గ్రంథములోని యొక్కొక్క ప్రకరణమే యొక్కొక్క జన్యువు. వ్రాయసకాని చేతిలో అక్షరము తప్పినచో అర్థము చెడును గదా, ఇచ్చటను అంతియే.

దీనికి మంచి యుదాహరణము ఫ్రాజైల్ ఎక్స్ అను స్థితి. ఒక్క జన్యువు చెడుటచేత ఆటిజము గలుగు సందర్భములలో ఇదియే ప్రధానమైనది. ఎఫ్ఎంఆర్‌1 అను ఈ జన్యువును 1991లో కనుగొనిరి. దాని మొదట మూడక్షరములు గల యొక మాట మరల మరల వచ్చును. సాధారణముగా ఆ మాట కొలదిసారులే యుండును. అది 200 సారులకు మించినచో శరీరము ఆ ప్రకరణమును చదువుటయే మానివేయును. అంతట మెదడునకు వలయు ఒక ప్రోటీను తయారు కాదు. ఈ జన్యువు ఎక్స్ క్రోమోసోముపై నున్నది. ఆడపిల్లకు ఆ క్రోమోసోములు రెండు, మగపిల్లవానికి ఒక్కటియే. రెండు దీపములున్న యింట ఒకటి కొండెక్కినను కొంత వెలుగుండును. ఒక్క దీపమే యున్న యింట చీకటియగును. కావుననే మగపిల్లలయందు ఈ స్థితి తీవ్రముగా కనబడును. తల్లినుండి యీ జన్యువు సంక్రమించినచో అది తల్లి నేరమా? తన కన్నుల రంగునకు ఎవరు నేరస్థులో దీనికిని వారే నేరస్థులు!

ఎలుక యేల?

బ్రదికియున్న బిడ్డ మెదడును విప్పి చూడరాదు. బిడ్డ జన్యువును పరీక్షార్థము చెఱుపరాదు. కావున శాస్త్రజ్ఞులు మనవలెనే పిల్లలకు పాలిచ్చి పెంచు చిన్నప్రాణులను ఆశ్రయించిరి. ఎలుక మూడు వారములు గర్భము మోసి, ఒక్క ఈతలో ఎనిమిది పది పిల్లలను కనును; ఆ పిల్లలు మూడు నెలలలోపల పెద్దవగును. అందుచేత ఒక్క సంవత్సరములోనే కొన్ని తరములను చూడవచ్చును.

ప్రయోగశాలలకు తగిన ఎలుకలను తీర్చిదిద్దినవారిలో ఒక స్త్రీ యుండుట మనకు గర్వకారణము. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో విస్టార్ సంస్థయందు హెలెన్ డీన్ కింగ్ అను శాస్త్రజ్ఞురాలు ఇరువదవ శతాబ్దపు ప్రారంభమునుండి అనేక సంవత్సరములు తెల్లయెలుకలను తరతరముల లెక్కలు వ్రాసికొనుచు పెంచెను. నేటికిని లోకమందలి ప్రయోగశాలలలో విస్టార్ ఎలుక యను జాతి ప్రసిద్ధమై యున్నది.

చాలకాలము జన్యువును మార్చుటకు చిట్టెలుకయే వీలుగా నుండెను. ఎలుకయందు ఆ పద్ధతి సులభముగా సాగలేదు. ఎఫ్ఎంఆర్‌1 జన్యువు లేని చిట్టెలుకలను 1994లోనే పుట్టించిరి. ఎలుకయందు కోరిన జన్యువును పనిచేయకుండ చేయు ఉపాయము 2009లో ఫలించెను. ఒకే కణముగా నున్న పిండములోనికి సన్నని గాజుసూదితో, కోరిన చోటనే జన్యువును కత్తిరించు పదార్థమును ఎక్కింతురు. పిమ్మట ఆ పిండమును పెంపుడుతల్లియైన యొక ఎలుక గర్భమున నుంతురు. తరువాత వచ్చిన క్రిస్పర్ అను కత్తెర ఈ పనిని మఱింత సులభము చేసెను. ఆ సాధనమును రూపొందించినందులకు 2020లో రసాయనశాస్త్రపు నోబెల్ బహుమానమును పొందిన ఎమాన్యుయెల్ షార్పెంటియే, జెన్నిఫర్ డౌడ్నా యను నిరువురును స్త్రీలే.

చిట్టెలుక యుండగా ఎలుక యెందులకని యడుగవచ్చును. ఎలుక సంఘజీవి. దాని పిల్లలు మన పిల్లలవలె కుస్తీలు పట్టును. ఒకటి మఱియొకదాని మెడవెనుక మూతిపెట్టి త్రోయును, క్రిందబడినది కాళ్లు పైకెత్తి పెనుగులాడును, మరల లేచి తఱుమును. ఆటలో అవి మన చెవికందని సన్నని ధ్వనులు చేయును. మన చెవి సెకనుకు ఇరువదివేల కంపనములకు మించిన ధ్వనిని వినజాలదు. ఎలుక యానందధ్వని ఏబదివేల కంపనములది. జాక్ పాంక్సెప్ అను శాస్త్రజ్ఞుడు తన చేతితో ఎలుకలకు చక్కిలిగింతలు పెట్టి, అవి ఈ ధ్వని చేయుటను పరికరముతో విని, ఇది వాని నవ్వని చెప్పెను. గూటినుండి తప్పిన పసికూన చేయు కేక వేఱు. అది విన్న తల్లియెలుక వచ్చి కూనను నోట కఱచుకొని గూటికి చేర్చును. ఆటయు, పిలుపును, తల్లిస్పందనయు గల ప్రాణియగుటచేతనే పరిశోధకులు దీనిని కోరిరి.

ఎలుకలు చూపిన వింతలు

2014లో అమెరికాలోని హ్యూస్టన్ నగరపు బేలర్ వైద్యకళాశాల పరిశోధకులు, ఎఫ్ఎంఆర్‌1 జన్యువు లేని ఎలుకలను, ఆటిజముతో సంబంధముగల మఱియొక జన్యువు లేని ఎలుకలను పరీక్షించి ఫలితములను ప్రకటించిరి. ఆ పిల్లలు తోడివానితో ఆడుకొనుట తగ్గినది. ఫ్రాజైల్ ఎక్స్ ఎలుకలు ఎదుట పెట్టిన కొయ్యదిమ్మెను విడువక కొఱుకుచుండెను. బొమ్మబండి చక్రమును త్రిప్పు బిడ్డ మనకు జ్ఞప్తికి వచ్చును. కాని ఆ రెండును ఒక్కటియే యని తొందరపడరాదు. పోలిక వేఱు, ఐక్యము వేఱు.

2017లో న్యూయార్కులోని మౌంట్ సైనాయ్ వైద్యకళాశాలవారు షాంక్‌3 అను మఱియొక జన్యువు లోపించిన ఎలుకలను గూర్చి వ్రాసిరి. ఆ ఎలుకలకు పరిచయమైన తోడియెలుకను చాలసేపు గుర్తుంచుకొను శక్తియు, ఏకాగ్రతయు తక్కువగా నుండెను. ఆక్సిటోసిన్ అను పదార్థము నిచ్చినప్పుడు ఆ రెండును మెఱుగుపడెను. ఆక్సిటోసిన్ మనకు క్రొత్తది కాదు. ప్రసవవేళ గర్భాశయమును సంకోచింపజేయునదియు, బిడ్డ నోరు తగిలినంతనే తల్లికి పాలు చేపునట్లు చేయునదియు అదియే.

మన దేశమునకును ఇందు భాగమున్నది. స్కాట్లండులోని ఎడింబరో విశ్వవిద్యాలయపు పరిశోధకులు బెంగుళూరునందలి శాస్త్రజ్ఞుడు సుమంత్ర చటర్జీ మొదలగువారితో కలిసి చేసిన పరిశోధన 2019లో వెలువడినది. ఏ వస్తువు ఏ చోట ఏ పరిసరములలో కనబడెనో గుర్తుంచుకొను శక్తి సామాన్యమైన ఎలుకకు పెరిగినకొలది అలవడును. ఫ్రాజైల్ ఎక్స్ ఎలుకకు అది అలవడదు. కొలెస్ట్రాలు తగ్గుటకు మనుష్యులు పుచ్చుకొను లోవాస్టాటిన్ అను మందును ఈ ఎలుకలకు చిన్నవయస్సున కొన్ని వారములు మాత్రము ఆహారములో నిచ్చిరి. వానికి ఆ శక్తి అలవడుటయే గాక, మందు మానిన మూడు నెలలకు గూడ నిలిచియుండెను. మొక్కగా నున్నప్పుడు కట్టిన ఊతకోలను పిమ్మట తీసినను చెట్టు నిటారుగానే యుండునట్లున్నది గదా!

ఎలుకకు మేలైన మందు బిడ్డకు మేలగునా?

సోదరీమణులారా! మనము మిక్కిలి జాగ్రత్తగా వినవలసినది ఈ భాగమే. లోవాస్టాటినును ఫ్రాజైల్ ఎక్స్ గల పిల్లలకు, యువకులకు ఇచ్చి చేసిన యొక పరీక్ష ఫలితము 2020లో వచ్చినది. కొందఱికి మందు, కొందఱికి మందువలె కనబడు వట్టిమాత్ర ఇచ్చిరి. ఉభయపక్షముల తల్లిదండ్రులకును బిడ్డతో మాటలు పెంచు పద్ధతులు నేర్పిరి. రెండు పక్షముల వారును మెఱుగుపడిరి. మందువలన అదనముగా కలిగిన మేలు కనబడలేదు. ఆక్సిటోసిన్ సంగతియు నట్లే యైనది. 3 మొదలు 17 సంవత్సరముల వయస్సుగల 290 మంది ఆటిజము పిల్లలతో 24 వారములు జరిపిన పరీక్ష 2021లో వెలువడెను. ముక్కులో చిమ్మిన మందునకును వట్టినీటికిని చెప్పదగిన భేదము లేకపోయెను. అంతకు ముందే, ఫ్రాజైల్ ఎక్స్ చిట్టెలుకలయందు చక్కగా పనిచేసినవనిపించుకొన్న వేఱొక తెగ మందులును మనుష్యులయందు విఫలములయ్యెను.

కారణములు లేకపోలేదు. ఎలుకకు భాష లేదు. ఆటిజములో ప్రధానమైన కష్టమో మాటలాడుటయు, ఎదుటివారి మనసెఱుగుటయు. ఎలుకలన్నియు ఒక్క జన్యువే లోపించి, ఒక్క తీరు పంజరములో ఒక్క తీరు ఆహారముతో పెరిగినవి. మన బిడ్డలు అట్లు కారు. ఎలుకకు మందిచ్చిన వయస్సు బాల్యము. మనుష్యులయందు పరీక్షించునాటికి వయస్సు తఱచుగా మీఱిపోవును. చాలకాలము ఇట్టి ప్రయోగములు మగయెలుకలతోనే యెక్కువగా జరిగినవి. ఆడపిల్లలలో ఆటిజము వేఱురూపమున కనబడి పలువురు గుర్తింపునకు రాకపోవుచున్నారని నేడు తెలియుచున్నది గావున, ఈ లోపమును దిద్దుకొనవలసియున్నది.

అట్లని ఆ శ్రమ వ్యర్థము కాదు. ఒక జన్యువు లోపించినప్పుడు మెదడులోని కణములు ఒకదానితో నొకటి మాటలాడుకొను తీరు ఎట్లు మాఱునో ఎలుక చూపినది. బాల్యమున సహాయము చేయుటలోని విలువ చూపినది. తల్లి ప్రేమకు లోపమేమియు లేని గూటిలో పుట్టియు, జన్యువు లోపించిన కూన యాటకు దూరమగుట కన్నులార చూచితిమి. ఒకనాడు తల్లులమీద మోపిన నిందకు ఇంతకంటె మంచి ప్రత్యుత్తరమేమి కావలెను?

మూగజీవుల మాట

మన మేలుకొఱకు ఇన్ని ప్రాణులను బాధింపవచ్చునా యను ప్రశ్న దయగల ప్రతి స్త్రీకిని కలుగును, కలుగవలెను. 1959లో రసెల్, బర్చ్ అను నిరువురు శాస్త్రజ్ఞులు మూడు నియమములు చెప్పిరి: వేఱు మార్గమున్నచో ప్రాణిని వాడకుండుట, వాడవలసివచ్చినచో తక్కువ సంఖ్యతో సరిపుచ్చుకొనుట, బాధను వీలైనంత తగ్గించుట. మన దేశమున 1960 నాటి జంతుహింసా నిరోధక చట్టము ప్రకారము ఇట్టి ప్రయోగములను పర్యవేక్షించుటకు సంఘము గలదు. ఈ నియమములు కాగితముపై నుండుట చాలదు. ప్రాణిని బలిగొన్న ప్రయోగము సరిగా జరుగనిచో అది రెండింతల పాపము. ఇంకొక సంగతి. ఆటిజము గలవారు పెద్దవారై తమ మాట తామే చెప్పుకొనుచున్నారు. తమ స్వభావమును తుడిచివేయు మందుకంటె, తమ కష్టమును తగ్గించు సహాయము కావలెనని వారిలో పలువురి కోరిక. ఎలుకను అడుగలేము, వారిని అడుగవచ్చును గదా!

ఇంటివారు చేయదగినది

బిడ్డ సంవత్సరము నిండినను పేరునకు పలుకకున్నను, ఏడాదిన్నర నిండినను కావలసినదానిని వ్రేలితో చూపకున్నను, రెండేండ్లు నిండినను రెండు మాటలు కూర్చి పలుకకున్నను, వచ్చిన మాటలు ఏ వయస్సున పోయినను ఆలస్యము చేయక బాలవైద్యునకు చూపుడు. “వాని తండ్రికి కూడ మాటలు ఆలస్యముగానే వచ్చినవిలే” అని అత్తగారు చెప్పిన ధైర్యము మంచిదే; వైద్యుని యొద్దకు పోవుటకు అది అడ్డు కాకూడదు. చెవులు గూడ పరీక్ష చేయింపవలెను. సికిందరాబాదులో బుద్ధివికాసలోపము గలవారికొఱకు 1984లో నెలకొల్పిన జాతీయసంస్థ గలదు. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టమును, 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టమును ఆటిజమును పేర్కొని హక్కులు కల్పించినవి. వానిని అడిగి పొందుట భిక్షము కాదు.

టీకాలవలన ఆటిజము వచ్చునను మాటను నమ్మి బిడ్డలకు టీకాలు మానకుడు. 1998లో అట్టి యనుమానమును పుట్టించిన వ్యాసమును ప్రకటించిన పత్రికయే 2010లో దానిని రద్దు చేసినది. ఆటిజమునకు అద్భుతౌషధము దొరకినదని యెవ్వరైన చెప్పినచో, పుస్తెలు కుదువబెట్టుటకు ముందు ఒక్క ప్రశ్న వేయుడు: “ఇది పనిచేసినది ఎలుకకా, బిడ్డకా? బిడ్డలకైనచో ఎందఱికి? వట్టిమాత్రతో సరిపోల్చి చూచిరా?” సూటియైన సమాధానము రానిచోట సొమ్ము విడువకుడు.

ఇక పొరుగింట అట్టి బిడ్డ యున్నచో ఆ తల్లిని “నీవేమి తిన్నావు, ఏ గ్రహణము చూచినావు?” అని యడుగకుడు. ఒకగంటసేపు ఆ బిడ్డను మీ పిల్లల నడుమ కూర్చుండనిచ్చి, ఆ తల్లిని కాస్త విశ్రమింపనిండు. ప్రయోగశాలలు వెదకుచున్న మందు ఎప్పుడు వచ్చునో; ఈ యుపకారము మాత్రము ఈ సాయంకాలమే చేయవచ్చును.